లారీకి పని లేని దారులు: గోదావరి డెల్టా కాలువ గట్ల మీద సైకిల్



పోయిన రెండు ఎపిసోడ్లలో ఎలాంటి సైకిల్ కొనాలి, సీటు ఎత్తు ఎంత ఉండాలి, టైర్లో గాలి ఎంత పెట్టాలి అని మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నన్ను కలిసినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న. "సైకిల్ కొన్నామండీ, సీటు కూడా సరిచేయించాం. ఇప్పుడు ఎక్కడ తొక్కమంటారు?" న్యాయమైన ప్రశ్నే. ఊళ్ళో తొక్కుదామంటే ఆటోలు, హైవే ఎక్కుదామంటే లారీలు. అపార్టుమెంటు చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతాం? నెల తిరిగేసరికి ఆ సైకిల్ బాల్కనీలో బట్టలు ఆరేసుకునే దండెం అవుతుంది.

నేనుండేది రాజమండ్రి. కాబట్టి నాకు తెలిసిన దారుల గురించే చెబుతాను. ధవళేశ్వరం దిగువన ఉన్న కాలువ గట్లు, ఏటిగట్లు, పుంతలు. మీరు విజయవాడలో ఉన్నా, ఏలూరులో ఉన్నా, తెనాలిలో ఉన్నా ఇందులో చాలా భాగం మీకూ పనికొస్తుంది. ఎందుకంటే కాలువ ఎక్కడైనా కాలువే, దాని లెక్క ఒకటే.

ముందు ఆ లెక్క చెప్పాలి. కాలువ గట్టు మీద సైకిల్ తొక్కితే ఎందుకంత సుఖంగా ఉంటుంది? అందరూ చల్లగా ఉంటుంది, కొబ్బరిచెట్లుంటాయి అంటారు. అది నిజమే, కానీ అసలు కారణం వాలు. కాలువలో నీరు మోటారుతో నడవదు, దాని బరువుతో అదే నడవాలి. వాలు ఎక్కువైతే నీళ్ళు గట్లను కోసేస్తాయి. తక్కువైతే ఒండ్రు పేరుకుని కాలువ పూడిపోతుంది. అందుకని కాలువ తవ్వినవాళ్ళు మైలుకు ఇన్ని అంగుళాలు అని లెక్క వేసుకుని, నేల ఎక్కడ ఎలా ఉందో చూసుకుంటూ వంకర్లు తిప్పుకుంటూ తీసుకెళ్ళారు. ఆ కాలువ పక్కనే గట్టు, గట్టు మీదే మన దారి. అంటే నూట డెబ్భై ఏళ్ళ కిందట ఎవరో మనకోసం అన్నట్టు చదునైన దారి సర్వే చేసి పెట్టారు. కాళ్ళకు ఎక్కుడు అంటూ తెలియదు. మోకాళ్ళు నొప్పులన్నవాళ్ళు కూడా 20, 30 కిలోమీటర్లు తొక్కి రాగలిగేది అందుకే.

ఇంకో సంగతి గమనించారో లేదో. మామూలుగా నది పల్లంలో ఉంటుంది, ఊళ్ళు మెరకలో ఉంటాయి అనుకుంటాం. డెల్టాలో కథ వేరు. వరద వచ్చినప్పుడల్లా నది తన ఒడ్డునే ఎక్కువ మట్టి దింపుతుంది. అందుకని ఏటి పక్క నేలే మెరక, ఏటికి దూరం పోయేకొద్దీ పల్లం. కాలువ మెరక మీద నడిస్తేనే పల్లంలో ఉన్న చేలకు నీరు పారుతుంది. కాబట్టి కాలువ గట్టు మీద వెళుతున్నప్పుడు చేలు మనకంటే కింద ఉంటాయి. సైకిల్ మీద కూర్చుంటే రెండు పక్కలా కనుచూపు మేర ఆకుపచ్చగా కనబడుతుంది. కారులో అదే దారిన వెళ్ళండి, ఆ చూపు దొరకదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళతాను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో 1970 తర్వాత కట్టింది. నీరు మూడు చోట్ల నుంచి కాలువల్లోకి వెళుతుంది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, అంటే కోనసీమకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి. దాదాపు 10 లక్షల ఎకరాలు ఈ నీళ్ళతో పండుతాయి.

ఇందులో సైకిల్ వాళ్ళకు కావలసిన సంగతి ఒకటుంది. ఈ కాలువలు సాగుకి మాత్రమే తవ్వినవి కాదు, పడవలకి కూడా. ఆ రోజుల్లో రోడ్లు అంతంతమాత్రం. గోదావరి మీద రైలు వంతెన 1900లో గానీ రాలేదు. ధాన్యం, ఉప్పు, కలప, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అందరూ పడవల్లోనే. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవను లాగేవారు. గట్టు మీద దారి ఎందుకుందో అర్థమైందా అండి? ఆ తాడు లాగే మనిషి నడవడానికి. యూరప్‌లో కాలువ పక్క సైకిల్ దారులు చాలా పేరున్నవి. ఫ్రాన్స్‌లో కెనాల్ దు మిది అని 1681లో తెరిచిన కాలువ, సుమారు 240 కిలోమీటర్లు. అక్కడ గుర్రాలు పడవలు లాగిన దారినే ఇవాళ సైకిళ్ళు తిరుగుతున్నాయి. మనదగ్గర గుర్రం బదులు మనిషి. అక్కడ పడవల కాలం పోయాక ఆ దారిని చాలాచోట్ల సైకిల్‌కి ఇచ్చారు. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, అది అలా మిగిలిపోయింది.

మిగిలిపోయింది అన్నాను కదా, ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే. మన పల్లెల్లో ట్రాఫిక్ లేని దారులంటూ ఎవరూ వేయలేదు. లారీకి అక్కడ పని లేక మిగిలాయి. లారీకి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దగ్గర దారి కావాలి. కాలువ దగ్గర దారిన పోదు, నీటికి ఏది వాలో అటే పోతుంది. 8 కిలోమీటర్ల దూరాన్ని 12 చేస్తుంది. ఆ 4 కిలోమీటర్ల చుట్టే మనకు కంచె. అది కాక గట్టు ఇరుకు. రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాలి. ఎవడు పడతాడు ఆ బాధ?

దీని నుంచి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. కాలువ ఎంత పెద్దదైతే దాని పక్క రోడ్డు అంత పెద్దది, అంత రద్దీ. కాలువ చిన్నదయ్యేకొద్దీ బళ్ళు తగ్గుతాయి, రోడ్డు కూడా తగ్గుతుంది. ప్రధాన కాలువ పక్కన తారు రోడ్డు, బస్సులు. దాని నుంచి చీలిన చిన్న కాలువ పక్కన సన్నపు తారు రోడ్డో సిమెంటు రోడ్డో, మోటారుసైకిళ్ళు. దాని కింద పంట కాలువ పక్కన గ్రావెల్. బోదె దగ్గరికి వచ్చేసరికి ఇక గడ్డి, గట్టు, కొంగ. మనకు కావలసింది నడిమి రెండు రకాలు.

పేరు చూసి మోసపోకండి. వేమగిరి నుంచి సామర్లకోట వెళ్ళేదాన్ని కెనాల్ రోడ్డు అంటారు. ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా పోతుంది. కాలువ పక్కనే ఉంటుంది, చెట్లూ ఉన్నాయి. కానీ దాని మీద లారీలు, బస్సులు, ట్రాక్టర్లు తెల్లవారింది మొదలు తిరుగుతూనే ఉంటాయి. పక్కన గట్టు, ఆ పక్కన నీళ్ళు, ఇటు లారీ. దాన్ని దాటడానికి తప్ప దాని వెంట పోవడానికి నేను ఎవరికీ చెప్పను. విజయవాడ వాళ్ళకి బందరు కాలువ, బందరు రోడ్డు సంగతి కూడా అంతే.

సరే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే దారి ఇది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం దగ్గర బయలుదేరండి. బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక చేరండి. బ్యారేజీ మీద బళ్ళుంటాయి, కాబట్టి తెల్లవారి ఆరు లోపే ఆ ముక్క దాటేయడం మంచిది. పొద్దున్నే ఆ తలుపుల మీద నుంచి దూకే నీటి చప్పుడు వింటూ దాటడం కూడా ఒక అనుభవమే అనుకోండి. బొబ్బర్లంక నుంచి కాలువ పట్టుకుని దక్షిణంగా ఆత్రేయపురం వైపు. ఈ రోడ్డు రావులపాలెం దాకా వెళ్ళేది కాబట్టి ఏడున్నర ఎనిమిది దాటితే ఆటోలు, స్కూలు బస్సులు మొదలవుతాయి. అంతకుముందు అయితే పాలవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు, పొలానికి వెళ్ళేవాళ్ళు, అంతే.

ఆత్రేయపురం దాటితే లొల్ల లాకులు. సినిమాల్లో మీరు చాలాసార్లు చూసే ఉంటారు. కాలువ ఇక్కడ చీలి కోనసీమలోకి పాయలుగా వెళుతుంది. పెద్ద పెద్ద చెట్లు, నీటి చప్పుడు, కూర్చోడానికి అరుగులు. లాకు అంటే ఏమిటో తెలియని పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. కాలువ నీటిమట్టం ఒక్కసారిగా దిగేచోట పడవ ఎలా దిగాలి? అందుకని అటొక తలుపు, ఇటొక తలుపు పెట్టి మధ్యలో గది కట్టారు. పడవ ఆ గదిలోకి వచ్చాక పై తలుపు మూసి, నీరు మెల్లగా వదిలి, మట్టం సమానం అయ్యాక కింద తలుపు తీస్తారు. పడవలు పోయాయి, గది ఉంది. ఇప్పుడు లాకుల దగ్గర ఉండే పని నీటి పంపకమే.

ధవళేశ్వరం నుంచి లొల్ల వెళ్ళి వెనక్కి రావడం 40 కిలోమీటర్లు అటూ ఇటూ. అలవాటు లేనివాళ్ళకి మూడు గంటలు, టిఫినుతో కలిపి నాలుగు. టిఫిను సంగతి వచ్చింది కాబట్టి, ఆత్రేయపురం పూతరేకులు వెళ్ళేటప్పుడు కొనకండి. వెన్నుబ్యాగులో పెట్టుకుంటే ఇంటికొచ్చేసరికి పొడి మిగులుతుంది. తిరుగు దారిలో కొని హ్యాండిల్‌కి వేలాడదీసుకోండి.

ఓపిక ఉన్నవాళ్ళు లొల్ల నుంచి ఇంకా కిందికి వెళ్ళొచ్చు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది, ఒకే శిలలో ముందు విష్ణువు, వెనక మోహిని. గన్నవరం దాకా వెళ్ళేవాళ్ళు వైనతేయ గోదావరి మీద అక్విడెక్టు చూడొచ్చు. కింద నది, దాని మీదుగా కాలువ. పాతది కాటన్ కాలం నాటిదే. ఇప్పుడున్నదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాడికి వేళ కాని వేళలో అన్నం పెట్టిన ఆవిడ పేరు నీళ్ళు మోసే కట్టడానికి పెట్టడం నాకు చాలా నచ్చిన విషయం. అయితే అది ఒక్కరోజు పని కాదు, కొత్తవాళ్ళు పెట్టుకోకండి.

ఒక ముఖ్యమైన మాట. శనివారం ఈ దారి వద్దు. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కులతో వచ్చే జనం వేలల్లో ఉంటారు. కార్లు, బస్సులు, కాలినడకన వచ్చేవాళ్ళు. మన ప్రశాంతమైన కాలువ గట్టు ఆ రోజు తీర్థం. దర్శనానికైతే వెళ్ళండి, సైకిల్ తొక్కడానికి ఆదివారం తెల్లవారుజామో, మామూలు రోజో చూసుకోండి.

దారి వెతుక్కోవడం ఎలా అని అడుగుతారు. ఫోన్లో మ్యాపు తీసి నీలం గీత వెంట సన్నటి తెల్ల గీత ఎక్కడుందో చూడండి, అది మొదటి పని. కాలువకి ఒక గట్టు మీద రోడ్డుంటే ఆవలి గట్టు కూడా చూడండి. చాలాచోట్ల ఆ గట్టు మీద గ్రావెల్ దారో, పాత బండి దారో ఉంటుంది. కానీ మ్యాపుకి వర్షం తెలియదు. పుంత అని మనవైపు పొలాల మధ్య బండ్ల దారికి పేరు. ఎండాకాలం రాయిలా ఉండే పుంత ఒక్క వానకి సైకిల్ చక్రం తిరగనివ్వని బురద అవుతుంది. ఆ నల్లరేగడి మడ్‌గార్డులో ఇరుక్కుంటే సైకిల్ని భుజాన వేసుకోవడమే. అందుకని లాకుల దగ్గరో, తూము దగ్గరో లస్కరు కనబడితే ఆగి అడగండి. కాలువల శాఖలో తలుపులు ఎత్తీ దించీ చేసే ఉద్యోగి. తన పరిధిలో ఏ గట్టు ఎక్కడ తెగిందో, ఏ వంతెన పడిందో ఆయనకు తెలిసినట్టు ఏ మ్యాపుకీ తెలియదు. పైగా టీ కూడా ఇప్పిస్తారు, మనవైపు మర్యాద అలాంటిది.

ఇక గాలి. కొండలు లేని చోట గాలే కొండ. చదునైన నేల, అడ్డం లేదు, ఎదురుగాలి పడితే గంటకి 20 తొక్కేవాడు 12కి దిగిపోతాడు. కానీ ఎండాకాలంలో డెల్టాలో గాలికి ఒక అలవాటుంది. పొద్దున్న సన్నగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి ఊపందుకుంటుంది. కాబట్టి పొద్దున్న సముద్రం వైపు వెళ్ళి, సాయంత్రం సముద్రానికి వీపు పెట్టి తిరిగి రండి. గాలే ఇంటికి తోసుకొస్తుంది. దీన్ని తిరగేసి చేసినవాళ్ళని నేను చూశాను, ఆఖరి 10 కిలోమీటర్లు సైకిల్ని తిట్టుకుంటూ వస్తారు. దాని తప్పేముంది?

ఇంకో మాట. డెల్టాలో ఎక్కుడు లేదన్నాను, ఒక్కటి ఉంది. పాత వంతెనలు. కింద పడవ తెరచాపతో పోవాలి కాబట్టి వాటిని ఎత్తుగా గూనులా కట్టారు. ఎక్కేటప్పుడు అవతల ఏమొస్తోందో కనబడదు. దిగేటప్పుడు వేగం వస్తుంది, దిగిన చోటే నాలుగు రోడ్ల కూడలి, అక్కడే టీ కొట్టు, అక్కడే కుక్క. బెల్లు కొట్టండి, బ్రేకు మీద వేలుంచండి.

కాలం సంగతి. సార్వా ఊడ్పుల రోజుల్లో, అంటే జూలై ఆగస్టుల్లో, చూడ్డానికి అంతకంటే అందమైన కాలం లేదు. కానీ వాన. నవంబరు డిసెంబరుల్లో చలిగాలి, పండిన చేలు, అదీ బాగుంటుంది, ఒక షరతుతో. అప్పుడు రోడ్డంతా ధాన్యం. కళ్ళాలు చాలక రైతులు ఈ సన్న రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యం, అంచుకి రాళ్ళు, పక్కన బరకాలు. దయచేసి ధాన్యం మీద తొక్కకండి. మీకు అది సన్నని ఇసుకలా జారుతుంది, పడతారు. అది మీ సంగతి. వాళ్ళకి అది ఆరు నెలల కష్టం. తేమ ఎక్కువైతే కొనేవాడు కోత పెడతాడు, వాన పడితే మొలకెత్తుతుంది. వాళ్ళు అక్కడ నిలబడి పారతో తిరగేస్తుంటే మనం రంగురంగుల చొక్కా వేసుకుని దాని మీదుగా పోవడం ఏం మర్యాద? దిగి నడవండి. రెండు నిమిషాలు.

డిసెంబరు జనవరిల్లో మంచు కూడా ఉంటుంది. మంచులో కాలువ గట్టు ఫోటోలకి అద్భుతం, తొక్కడానికి ప్రమాదం. గట్టు అంచు కనబడదు. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి దాకా కాలువలు కట్టేస్తారు. బాగుచేతల కోసం నీళ్ళు ఆపేస్తారన్నమాట. అప్పుడు కాలువ అడుగు బయటపడుతుంది. మనం అందులో ఏమేం పారేశామో అన్నీ కనబడతాయి. చూడ్డానికి బాగుండదు గానీ ఒకసారి చూడాలి.

ప్రమాదం గురించి సూటిగా చెబుతాను. చాలా గట్లకి పిట్టగోడ లేదు. కార్లు కాలువలో పడ్డ వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. సైకిల్‌కి కూడా అదే లెక్క. నీటికి దూరంగా ఉన్న సగంలో తొక్కండి, ఎదురుగా బండి వస్తే నీటివైపు మీరు తప్పుకోకండి, ఆగిపోండి. పక్కపక్కన కబుర్లాడుకుంటూ వెళ్ళకండి. పొద్దు గుంకాక గట్టు మీద ఉండకండి. లైటు ఉన్నా సరే. గట్టు కోసుకుపోయిన చోట చీకట్లో నీడలా కనబడుతుంది, గుంట అని తెలియదు. ఈత రాని పిల్లల్ని కాలువ నిండుగా ఉన్నప్పుడు తీసుకెళ్ళకండి. తుమ్మముళ్ళు చాలా, కాబట్టి రెండు ట్యూబులు, పంపు తప్పనిసరి. సన్నటి రేసింగు టైర్లు ఇంట్లో పెట్టి, 32 మిల్లీమీటర్లు గానీ అంతకంటే వెడల్పువి గానీ వేయించండి.

ఆడవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా గుంపులో తొక్కే ఒకావిడ, బ్యాంకులో పనిచేస్తారు, ఒకసారి నన్ను నిలదీశారు. "మీరు ట్రాఫిక్ లేదు, ట్రాఫిక్ లేదు అని మురిసిపోతున్నారు. బళ్ళు లేవంటే మనుషులు కూడా లేరని కదండీ. నాలాంటిదానికి ఖాళీ రోడ్డు అంటే ముందు వచ్చేది భయం" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మేం చేసిందేమంటే, ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్ళడం, ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న గట్లే ఎంచుకోవడం, పొలాల్లో జనం ఉండే వేళకే వెళ్ళడం. దానితో ఆవిడ ఇప్పుడు నెలకి రెండు మూడుసార్లు వస్తున్నారు. ఇది సరైన పరిష్కారం అని నేననను. మగవాళ్ళం ఒంటరిగా వెళ్ళినట్టు ఆవిడ వెళ్ళలేకపోతున్నారు, అంతే కదా.

ఈ దారులు ఎందుకు ముఖ్యమో ఒక స్నేహితుడి సంగతితో చెబుతాను. యాభై దాటిన మనిషి. హైవే మీద తొక్కేవాడు, రోజుకు 50, 60. ఒకరోజు వెనక నుంచి ఒక లారీ తగిలి కాలర్‌బోన్ విరిగింది, తొడ ఎముకకి రాడ్ వేశారు. ఏడాది దాటాక డాక్టరు తొక్కొచ్చు అన్నారు. కాలు ఒప్పుకుంది, మనిషి ఒప్పుకోలేదు. వెనక హారన్ వినబడితే చేతులు వణికేవి. ఇంట్లో వాళ్ళావిడ అయితే సైకిల్ అమ్మేయమంది. ఆవిడ మాటలో తప్పేం లేదు, ఆసుపత్రిలో ఆ నెల కూర్చున్నది ఆవిడే. మేము ఆవిణ్ణే ముందు గట్టు మీదకి తీసుకెళ్ళి చూపించాం. అరగంటలో ఎన్ని బళ్ళు పోయాయో లెక్కపెట్టమన్నాం. రెండు మోటారుసైకిళ్ళు, ఒక కొబ్బరికాయల రిక్షా. అప్పుడు ఒప్పుకుంది, హైవే ఎక్కనని ఆయనతో మాట తీసుకుని. ఆయన మొదటిరోజు 4 కిలోమీటర్లు తొక్కాడు. తలకాయ వెనక్కి తిప్పుతూ, తిప్పుతూ. నెలరోజులకి తిప్పడం మానేశాడు. ఆ వణుకు తగ్గడానికి మందేమీ వాడలేదు, వెనక ఏమీ రాని దారి మాత్రం వాడాం.

ఇప్పుడు కాస్త ఇబ్బంది పెట్టే విషయం. ఈ గట్ల మీద ఉండే ఊళ్ళవాళ్ళకి రోడ్డు వెడల్పు కావాలి. ఎందుకు వద్దు? అంబులెన్సు రావాలి, పిల్లల బస్సు రావాలి, ధాన్యం లారీ చేను దాకా రావాలి. వానాకాలం గర్భిణిని మంచం మీద మోసుకెళ్ళిన ఇళ్ళున్నాయి. మేము పదిమందిమి ఆదివారం సైకిళ్ళేసుకొచ్చి "ఎంత బాగుందండీ మీ ఊరు, ఇలాగే ఉంచండి" అంటే వాళ్ళు ఏమనుకోవాలి? ఒక పెద్దాయన, పాల క్యాన్లు కట్టుకుని పాత సైకిల్ మీద వెళుతున్నాడు, నన్ను పక్కన చూసి అడిగాడు. "ఏం బాబూ, బండి కొనుక్కోలేకపోయారా?" కొనుక్కున్నాం, ఇంట్లో ఉంది, ఇది సరదాకి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాకు బండి కొంటానంటున్నాడండి మావోడు. ఈ సైకిల్ మీకిచ్చేయమంటారా?" అన్నాడు, ఆయ్. చాలాసేపు నవ్వుకున్నాం ఇద్దరం.

నేను చూసినంతలో, రోడ్డు ఒకసారి వెడల్పయ్యాక ఆ ఊరి బస్సు, ఆ ఊరి అంబులెన్సుతో ఆగదు. హైవే మీద టోలు తప్పించుకునే కార్లు వస్తాయి, రొయ్యల చెరువుల బళ్ళు వస్తాయి. పశ్చిమ డెల్టా దిగువకి, భీమవరం వైపు వెళ్ళి చూడండి, చాలా గట్లు ఇప్పుడు మేత లారీలకీ ఐసు వ్యాన్లకీ దారులు. అప్పుడు నష్టపోయేది ఆదివారం వచ్చే నేను కాదు. నేను ఇంకో గట్టు వెతుక్కుంటాను. ఆ పాల సైకిల్ పెద్దాయన, బడికి సైకిల్ మీద వెళ్ళే ఆడపిల్లలు, వాళ్ళు రోజూ ఆ రోడ్డు మీదే ఉండాలి. అందుకని నాకు తోచింది, మధ్యేమార్గం. తారు వేయండి, గుంతలు పూడ్చండి, నీటివైపు పిట్టగోడ కట్టండి, ఎదురుబళ్ళు తప్పుకోడానికి అక్కడక్కడా జాగా ఇవ్వండి. వెడల్పు మాత్రం ఉన్నంతే ఉంచి, కొన్ని గట్ల మొదట్లో లారీ పట్టకుండా అడ్డంగా ఇనప దూలం పెడతారు చూశారూ, అది పెట్టండి. ధాన్యం రోజుల్లో తీయండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. మీ ఊరి గ్రామసభలో రోడ్డు మాట వచ్చినప్పుడు, సైకిల్ మీద తిరిగేవాళ్ళు కూడా అక్కడ ఉండి ఈ ముక్క చెబితే బాగుంటుంది. మేం వెళ్ళి చెబితే బస్తీవాళ్ళ గోల అంటారు, అది సహజం.

విజయవాడ, ఏలూరు వాళ్ళు అడిగే ముందే చెప్పేస్తున్నాను. అటు కృష్ణ నుంచి వచ్చే కాలువా ఇటు గోదావరి నుంచి వచ్చే కాలువా ఏలూరులోనే కలుస్తాయి. అంటే ఒకప్పుడు పడవ ఎక్కితే రాజమండ్రి నుంచి బెజవాడ దాకా నీటి మీదే వెళ్ళేవారు. ఆ దారిలో ఏ గట్టు తొక్కడానికి బాగుంది, ఎక్కడ పోయింది అన్నది ముక్కలు ముక్కలుగా తొక్కి చూస్తున్నాం. అది పూర్తయ్యాక ఒక ఎపిసోడ్ చేస్తాను.

వచ్చే వారం పంక్చరు. ముల్లు తీయడం, ట్యూబు మార్చడం కెమెరా ముందు చేసి చూపిస్తాను. ఒక పాత ట్యూబు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఉంటానండి.